మైలేజ్ కోసం టైర్లు, రిమ్‌లు: డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టక్కర్లేదు

టైర్లు మార్పించడానికి షాపుకి వెళ్తే ముందు అడిగేది రెండే: ఏ కంపెనీ కావాలి, బడ్జెట్ ఎంత. మైలేజ్ గురించి మనం అడిగితే "అన్నీ బాగానే ఇస్తాయండీ" అంటారు. అది నిజం కాదు. ఒకే సైజులో, ఇంచుమించు ఒకే ధరలో ఉన్న రెండు టైర్ల మధ్య పెట్రోలు ఖర్చులో స్పష్టమైన తేడా ఉండొచ్చు. ఆ టైర్లు మన కారు కింద మూడు నాలుగేళ్లు ఉంటాయి. ఫోన్ కొనేముందు పది వీడియోలు చూసేవాళ్లం, టైర్ల దగ్గరికి వచ్చేసరికి అరగంటలో తేల్చేస్తాం. నాకు అదే బాధ.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పెట్టిన రూపాయికి వచ్చే మైలేజ్ ప్రకారం చూస్తే మొదట గాలి, తర్వాత సరైన సైజు, ఆ తర్వాత టైరు రకం, అన్నిటికంటే చివర రిమ్. జనం డబ్బు ఖర్చు పెట్టేది మాత్రం సరిగ్గా దీనికి తలకిందులుగా. అల్లాయ్‌లకి వేలు పోస్తారు, గాలి మాత్రం నెలల తరబడి చూపించరు.

టైరు పెట్రోలు ఎలా తింటుంది

టైరు దొర్లుతున్నప్పుడు రోడ్డుకి ఆనిన భాగం బరువుకి నొక్కుకుపోయి, పైకి లేవగానే మళ్లీ మామూలు ఆకారానికి వస్తుంది. నొక్కుకున్నప్పుడు పట్టిన శక్తినంతా రబ్బరు తిరిగి ఇవ్వదు. కొంత వేడిగా మారిపోతుంది. లాంగ్ డ్రైవ్ తర్వాత టైరు మీద చెయ్యి పెడితే తగిలే వేడిలో చాలా భాగం మన పెట్రోలే. దీన్నే రోలింగ్ రెసిస్టెన్స్, అంటే దొర్లేటప్పటి నిరోధం, అంటారు. గాలి తగ్గిన సైకిల్ తొక్కినవాళ్లెవరికైనా ఇది కాళ్లకి తెలిసిన విషయమే.

ఒక లెక్క చూద్దాం. మనుషులతో కలిపి 1,150 కిలోల బరువుండే హ్యాచ్‌బ్యాక్‌ని మామూలు టైర్ల మీద నడిపితే టైర్లు సుమారు 11 కిలోల బలంతో వెనక్కి లాగుతుంటాయి. ఈ లాగుడు వేగంతో పెద్దగా మారదు. ఎదురుగాలి అడ్డు మాత్రం వేగం పెరిగేకొద్దీ వేగంగా పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల దగ్గర ఈ రెండూ దాదాపు సమానం. 100 దగ్గర గాలి అడ్డు టైర్ల లాగుడికి రెండున్నర రెట్లు దాటిపోతుంది. కాబట్టి మంచి టైరు ఫలితం బాగా కనిపించేది 50 నుంచి 80 మధ్య ఆగకుండా సాగే ప్రయాణాల్లో. హైదరాబాద్ ఔటర్ మీద 120కి వెళ్తూ టైరు వల్ల మైలేజ్ పెరగలేదంటే ఆ తప్పు టైరుది కాదు. అమీర్‌పేట ట్రాఫిక్‌లో బ్రేక్ వేస్తూ, ఆగుతూ వెళ్లేవాళ్లకీ ఫలితం తక్కువే. అక్కడ పెట్రోలు బ్రేకుల్లోనూ, కారు ఆగి ఉన్నా తిరుగుతుండే ఇంజిన్‌లోనూ పోతుంది.

మరి ఎంత ఆశించొచ్చు? సాధారణంగా ఒప్పుకునే లెక్క ఇది: టైర్ల నిరోధం 10 శాతం తగ్గితే ఇంధనం 1 నుంచి 2 శాతం ఆదా అవుతుంది. "ఈ టైర్లు వేస్తే లీటరుకి 4 కిలోమీటర్లు ఎక్కువొస్తుంది" అని ఎవరైనా చెబితే నమ్మొద్దు.

సైజు: వెడల్పు పెంచాలా, వద్దా

దీని మీద ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. తెలిసిన ఉదాహరణగా స్విఫ్ట్ తీసుకుందాం. కింది వేరియంట్లలో 165/80 ఆర్14, పై వేరియంట్లలో 185/65 ఆర్15 వస్తుంది. మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు ఎంత శాతమో, చివరిది అంగుళాల్లో రిమ్ సైజు. లెక్క కడితే మొదటిదాని మొత్తం ఎత్తు సుమారు 620 మిల్లీమీటర్లు, రెండోదానిది 621 చిల్లర. అంటే చక్రం ఎత్తు దాదాపు ఒకటే, వెడల్పు మాత్రం 20 మిల్లీమీటర్లు పెరిగింది.

వెడల్పు పెరిగినంత మాత్రాన రోలింగ్ రెసిస్టెన్స్ పెరిగి తీరాలని లేదు. అదే ప్రెషర్‌లో వెడల్పు టైరు నేలకి ఆనే భాగం పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది, అంత వంగదు. అయినా ఆచరణలో వెడల్పు టైరు మైలేజ్ తగ్గించడానికి మూడు కారణాలున్నాయి. గాలికి ఎదురుగా నిలబడే రబ్బరు ఎక్కువ. బరువు ఎక్కువ. మూడోది, చాలామంది గమనించనిది: వెడల్పు, లో ప్రొఫైల్ (సైడ్‌వాల్ ఎత్తు తక్కువగా ఉండే) సైజుల్లో షాపులో దొరికేవి ఎక్కువగా గ్రిప్ కోసం తయారైన మెత్తని రబ్బరు టైర్లు. ఇంధనం ఆదా కోసం చేసిన టైర్లు ఆ సైజుల్లో తక్కువగా ఉంటాయి. బీఎండబ్ల్యూ ఐ3 ఎలక్ట్రిక్ కారుకి ముందు చక్రాలకు 155/70 ఆర్19 అనే సన్నని, పొడుగాటి టైరు పెట్టింది. చార్జింగ్ ఎక్కువ దూరం రావాలంటే చక్రం ఎటు పెరగాలో ఆ సైజు చూస్తేనే తెలుస్తుంది.

కాబట్టి మైలేజే ముఖ్యమైతే కంపెనీ ఇచ్చిన సైజులోనే ఉండండి. మార్చాలనే ఉంటే మీ మోడల్‌లోనే ఏదో ఒక వేరియంట్‌కి కంపెనీ స్వయంగా ఇచ్చిన సైజు దాటొద్దు. 165/80 ఆర్14 నుంచి 185/65 ఆర్15కి వెళ్లడం తప్పేమీ కాదు. మలుపుల్లో కారు నిలకడ పెరుగుతుంది, బ్రేకింగ్ కొంచెం మెరుగవుతుంది. మైలేజ్ మాత్రం పెరగదు, కాస్త తగ్గొచ్చు. ఇంకా పైకి, 195/55 ఆర్16 అంటే మైలేజ్‌తో పాటు సైడ్‌వాల్ రక్షణ కూడా పోతుంది. వానాకాలం తర్వాత మన రోడ్ల గుంతల్లో పడితే ఆ సన్నని సైడ్‌వాల్ రిమ్‌కీ గుంత అంచుకీ మధ్య నలిగి ఉబ్బుతుంది. ఉబ్బిన టైరుకి రిపేరు లేదు, పారేయాల్సిందే.

మీటరు మోసం

సైజు మార్చాక "మైలేజ్ పడిపోయింది" అనేవాళ్లలో చాలామందికి నిజంగా పడింది కొంతే, మిగతాది మీటరు లెక్క. 185/65 ఆర్15 బదులు 195/65 ఆర్15 వేశారనుకోండి. చక్రం ఎత్తు 621 నుంచి 634కి పెరిగింది, అంటే 2 శాతం. చక్రం ఒక చుట్టుకి ఎక్కువ దూరం వెళ్తుంది, మీటరు మాత్రం పాత లెక్కే వేస్తుంది. మీరు 100 కిలోమీటర్లు వెళ్తే మీటరులో 98 కనిపిస్తుంది. ట్యాంకు నింపి కట్టే మైలేజ్‌లో 2 శాతం ఊరికే మాయమవుతుంది.

కొత్త టైర్ల విషయంలోనూ ఇదే. కొత్త టైరుకి దాదాపు 8 మిల్లీమీటర్ల గాడి లోతు ఉంటుంది. 2 మిల్లీమీటర్లకి అరిగేసరికి చక్రం ఎత్తు 12 మిల్లీమీటర్లు తగ్గుతుంది. 620లో అది కూడా దాదాపు 2 శాతమే. అంటే అరిగిన టైర్ల మీద మీటరు ఎక్కువ దూరం చూపిస్తుంది. పైగా అరిగిన టైరులో వంగడానికి రబ్బరే తక్కువ కాబట్టి దాని రోలింగ్ రెసిస్టెన్స్ నిజంగానే తక్కువ. ఈ రెండూ కలిసి, ఎంత మంచి కొత్త టైర్లు వేసినా మొదటి నెలల్లో మైలేజ్ తగ్గినట్టే కనిపిస్తుంది. దీన్ని చూసి టెన్షన్ పడి షాపు మీద గొడవకి వెళ్లక్కర్లేదు. అలాగని మైలేజ్ బాగా వస్తోందని అరిగిపోయిన టైర్లనే లాగించొద్దు. చట్టప్రకారం కారు టైరుకి 1.6 మిల్లీమీటర్ల గాడి ఉండాలి. వానలో ఆ పరిమితికి చాలా ముందే పట్టు తగ్గడం మొదలవుతుంది.

టైరు రకం: మూడింటిలో దేనికి ప్రాధాన్యం

టైరు తయారీలో మూడు కోరికలు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి: తక్కువ రోలింగ్ రెసిస్టెన్స్, తడి రోడ్డు మీద పట్టు, ఎక్కువ కాలం మన్నిక. ఒకదాన్ని లాగితే మిగతావి జారుతాయి. మిషెలిన్ 1992లో రబ్బరులో కలిపే కార్బన్ బ్లాక్ (నల్లటి మసి పొడి) స్థానంలో చాలావరకు సిలికా వాడి గ్రీన్ టైరు తెచ్చినప్పటి నుంచి ఈ పోట్లాట కొంత తగ్గింది. పూర్తిగా పోలేదు. చౌక టైర్లలో అయితే అసలు తగ్గలేదనుకోవచ్చు.

మన మార్కెట్‌లో టైర్లని ఈ మూడింటిలో దేన్ని ముందు పెట్టుకున్నారో దాన్నిబట్టి విడదీసుకుంటే ఎంపిక తేలికవుతుంది. పేరులోనే ఎకో, ఎనర్జీ, ఫ్యూయల్ వంటి మాటలున్నవి ఒక వర్గం. బ్రిడ్జ్‌స్టోన్ ఎకోపియా, మిషెలిన్ ఎనర్జీ, యోకొహామా బ్లూఎర్త్, సీయట్ ఫ్యూయల్‌స్మార్ట్ ఇందులోకి వస్తాయి. ఎక్కువ కిలోమీటర్లు తిరిగే మన్నికని ముందు పెట్టుకుని అమ్మేవి ఇంకో వర్గం: అపోలో అమేజర్ 4జీ లైఫ్, సీయట్ మైలేజ్, గుడ్‌ఇయర్ అష్యూరెన్స్ డ్యూరాప్లస్. మూడోది గ్రిప్, స్పీడు కోసం చేసినవి, అంటే స్పోర్ట్ టైర్లు.

ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు. లాంగ్ లైఫ్ టైరు అంటే మైలేజ్ టైరు అనుకుంటారు. టైరు ప్రకటనల్లో మైలేజ్ అనే మాటకి టైరు ఎన్ని కిలోమీటర్లు నడుస్తుంది అనే అర్థం కూడా ఉంది. పెట్రోలు ఆదాకీ దానికీ సంబంధం లేదు. ఎక్కువ కాలం రావడానికి రబ్బరు మందం పెంచితే వంగే రబ్బరు పెరిగి రోలింగ్ రెసిస్టెన్స్ కూడా పెరగొచ్చు. షాపులో అడిగేటప్పుడు "పెట్రోలు మైలేజ్" అని విడమరిచి అడగండి.

పేర్లకంటే నమ్మదగినవి కొలతలు. యూరప్‌లో 2021 మే నుంచి ప్రతి కొత్త టైరు లేబుల్ మీద ఏ (A) నుంచి ఈ (E) వరకు ఇంధన తరగతి ఉంటుంది. కార్ల టైర్లలో టన్ను బరువుకి నిరోధం 6.5 కిలోల లోపు ఉంటే ఏ, 7.8 నుంచి 9.0 వరకు సీ, 10.6 నుంచి పైన ఈ (E). "ఈ" (E) తరగతి టైరు తీసి "సీ" (C) తరగతి టైరు వేస్తే నిరోధం ఐదో వంతు తగ్గుతుంది, అంటే పెట్రోలు 2 నుంచి 4 శాతం ఆదా. మన దగ్గర బీఈఈ, అంటే ఫ్రిజ్‌లకి, ఏసీలకి స్టార్లు ఇచ్చే సంస్థే, టైర్లకూ ఒకటి నుంచి ఐదు దాకా స్టార్ లేబుల్ పథకం తెచ్చింది. స్వచ్ఛందంగా మొదలైంది కాబట్టి అన్ని టైర్ల మీదా కనిపించదు, కనిపిస్తే మాత్రం దానికి విలువ ఇవ్వండి. ఇది కాక 2022లో రోడ్డు రవాణా శాఖ ఏఐఎస్-142 అనే ప్రమాణం తెచ్చి రోలింగ్ రెసిస్టెన్స్, తడి పట్టు, శబ్దం మూడింటికీ హద్దులు పెట్టింది. అది పాస్ మార్కుల్లాంటిది. పాసైన టైర్ల మధ్య కూడా తేడా చాలానే ఉంటుంది.

ఒక్క విషయంలో నేను రాజీపడను. లేబుల్ మీద ఇంధన తరగతి పక్కనే తడి పట్టు తరగతి కూడా ఉంటుంది. ఇంధనంలో ఒక మెట్టు పైకెక్కడానికి తడి పట్టులో రెండు మెట్లు దిగొద్దు. ఒక్కో మెట్టుకి బ్రేకింగ్ దూరం కొన్ని మీటర్లు పెరుగుతుంది. వానలో ఎన్‌హెచ్-65 మీద ముందు లారీ హఠాత్తుగా ఆగినప్పుడు ఆ మీటర్లే కావాలి.

డబ్బు లెక్క

హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు 107 రూపాయలు, కారు లీటరుకి 18 కిలోమీటర్లు ఇస్తుంది, టైర్ల సెట్టు 40,000 కిలోమీటర్లు వస్తుంది అనుకుందాం. ఆ టైర్ల జీవితకాలంలో మీరు కొట్టించే పెట్రోలు 2,222 లీటర్లు, దాదాపు 2 లక్షల 38 వేల రూపాయలు. నాలుగు టైర్ల ధరకి ఇది ఎన్ని రెట్లో చూసుకోండి. ఇందులో 1 శాతం ఆదా అంటే 2,378 రూపాయలు, 3 శాతం అంటే 7,133. కాబట్టి తక్కువ నిరోధం ఉన్న టైరు ఒక్కొక్కటి 1,000 రూపాయలు ఎక్కువైనా, 3 శాతం ఆదా ఇస్తే ఆ 4,000 పోను ఇంకో 3,000 మిగులుతుంది. 1 శాతమే ఇస్తే నష్టం.

ఏడాదికి 5,000 కిలోమీటర్లు కూడా తిరగని కారుకి ఈ లెక్క పనికిరాదు. ఆ కారు టైర్లు అరిగేలోపే వయసైపోయి గట్టిపడి పగుళ్లిస్తాయి. వాళ్లు తడి పట్టు, సౌకర్యం చూసుకుని కొనుక్కుంటే చాలు.

కారుతో వచ్చిన టైరు, షాపులో దొరికే టైరు

కార్ల కంపెనీలు మైలేజ్ పరీక్షలో మంచి అంకె రావాలని టైరు కంపెనీలతో తక్కువ నిరోధం ఉన్న టైర్లు చేయించుకుంటాయి. అవి అరిగాక షాపులో వేయించుకున్న టైరు ఎంత పేరున్నదైనా వాటికంటే ఎక్కువ నిరోధం ఉండే అవకాశం ఉంది. మీ కారు మొదట్లో ఇచ్చిన మైలేజ్‌తో తృప్తిగా ఉంటే అదే కంపెనీ, అదే ప్యాటర్న్, అదే సైజు టైరు కోసం వెతకడం అన్నిటికంటే సులువైన దారి. ఎలక్ట్రిక్ కార్లవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. వాటికి మామూలు టైర్లు వేస్తే ఒక చార్జింగ్‌కి వచ్చే దూరం తగ్గడం రోజూ తెరమీదే కనిపిస్తుంది. బ్యాటరీ బరువు మోయాలి కాబట్టి లోడ్ ఇండెక్స్ కూడా తగ్గకూడదు.

లోడ్ ఇండెక్స్ అంటే సైజు పక్కన ఉండే అంకె. 85 అంటే ఒక్కో టైరు 515 కిలోలు, 88 అంటే 560 కిలోలు మోస్తుంది. దాని పక్క అక్షరం వేగానిది: టీ అంటే గంటకు 190, హెచ్ అంటే 210. ఏ కారుకైనా ఈ రెండూ కంపెనీ చెప్పినదానికంటే తగ్గకుండా చూసుకోండి.

రిమ్: స్టీలా, అల్లాయా

మైలేజ్ కోసమే అయితే దీని మీద రూపాయి పెట్టక్కర్లేదు. అల్లాయ్ అంటే తేలిక అనే మాట సగమే నిజం. ఒకే సైజులో చూస్తే మంచి అల్లాయ్ స్టీలుకంటే ఒక కిలో అటూ ఇటూ తేలికగా ఉంటుంది. ఒక సైజు పెంచితే ఆ లాభం పోయి తిరిగి బరువే పెరగొచ్చు. తిరిగే భాగాల బరువు కారు వేగం అందుకునేటప్పుడు మామూలు బరువుకంటే ఎక్కువ లెక్కకొస్తుంది, నిజమే. అయినా అది రెట్టింపు మించదు. నాలుగు చక్రాల్లో కలిపి 4 కిలోలు తగ్గాయంటే 8 కిలోల సామాను డిక్కీలోంచి తీసినట్టు. 45 కిలోలు తగ్గిస్తే 1 శాతం ఆదా అని ఒక మోటు లెక్క ఉంది. ఆ ప్రకారం 8 కిలోలకి వచ్చేది 0.2 శాతం కూడా లేదు. పాతిక వేలు పెట్టి అల్లాయ్‌లు కొంటే 40,000 కిలోమీటర్లలో 500 రూపాయలు కూడా వెనక్కి రావు.

అందం కోసం వేసుకుంటానంటే సంతోషంగా వేసుకోండి. ఐఎస్ఐ గుర్తున్నది, బోల్టుల కొలత, ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికి లేదా బయటికి కూర్చుంటుందనే కొలత) మీ కారుకి సరిపోయేది తీసుకోండి. స్పేసర్లు (చక్రం వెనక పెట్టే బిళ్లలు) పెట్టి బిగించేవి వద్దు. టైరు బయటికి పొడుచుకొస్తే బేరింగులు త్వరగా పోతాయి, స్టీరింగ్ తీరు మారుతుంది. స్టీల్ రిమ్‌కి గుంతలో దెబ్బ తగిలితే వంగుతుంది, సరిచేయొచ్చు. నాసిరకం అల్లాయ్ పగులుతుంది. నేనైతే పల్లె రోడ్ల మీద ఎక్కువ తిరిగేవాళ్లకి స్టీలే చెబుతాను, పైన మామూలు వీల్ క్యాప్‌తో.

గాలి

డ్రైవర్ డోరు తెరిస్తే స్తంభం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. ముందు టైర్లకి ఎంత, వెనక టైర్లకి ఎంత, మనుషులు నిండితే ఎంత అని రాసి ఉంటుంది. బంకులో కుర్రాడు అందరికీ కొట్టే 35 కాదు, ఆ అంకే మీది. పొద్దున్నే, కారు కదలక ముందు చూడాలి. ఎండలో నడిపి వచ్చాక చూస్తే ప్రెషర్ ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసేస్తే తెల్లారేసరికి తక్కువైపోతుంది.

నాలుగు టైర్లలో సగటున 1 పీఎస్ఐ (గాలి ప్రెషర్‌ని కొలిచే యూనిట్) తగ్గితే ఇంధనం 0.2 శాతం ఎక్కువ పడుతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. 33 ఉండాల్సింది 25 ఉంటే 1.6 శాతం. కొత్త టైరుకి వేలు పోసి సంపాదించే ఆదాలో సగం ఇలా పోతుంది. టైరు నెలకి 1, 2 పీఎస్ఐ దానంతటదే కోల్పోతుంది. వాతావరణం దాదాపు 6 డిగ్రీలు చల్లబడితే ఇంకో పీఎస్ఐ తగ్గుతుంది. మే నెలలో రామగుండంలో సరిచూసుకున్న టైరుని డిసెంబర్ పొద్దున ఆదిలాబాద్‌లో చూస్తే ఎంత తగ్గి ఉంటుందో ఊహించుకోవచ్చు. కొన్ని వందలకి దొరికే సొంత గేజ్ కొని డిక్కీలో వేసుకోండి. మైలేజ్ కోసం 40 దాకా నింపేవాళ్లూ ఉన్నారు. టైరు మధ్యభాగం త్వరగా అరుగుతుంది, తడిలో పట్టు తగ్గుతుంది, కాబట్టి వద్దు. నైట్రోజన్ విషయానికొస్తే, మామూలు గాలిలోనే 78 శాతం అది ఉంది. ఉచితంగా ఇస్తే నింపించుకోండి, దాని కోసం వెతుక్కుంటూ వెళ్లక్కర్లేదు.

ఎవరికి ఏది

నెలకి 3, 4 వేల కిలోమీటర్లు హైవే మీద తిప్పే ట్యాక్సీ అయితే కంపెనీ సైజులో, స్టార్ లేబుల్ ఉన్న తక్కువ నిరోధం టైరు. లాంగ్ లైఫ్ టైరు కంటే రూపాయికి ఇదే ఎక్కువ మిగులుస్తుంది, ఎందుకంటే వీళ్ల ఖర్చులో ఇంధనమే పెద్దది. ఊళ్లో ఆఫీసుకి, బడికి తిరిగే కారు అయితే తడి పట్టు బాగున్న మధ్యరకం టైరు చాలు. వారాంతాల్లో విజయవాడ, వైజాగ్ వెళ్లే కుటుంబానికి తడి పట్టు ముందు, ఇంధన తరగతి తర్వాత. మట్టిరోడ్లు, పొలం దారులు ఎక్కువైతే మైలేజ్ సంగతి పక్కన పెట్టి గట్టి సైడ్‌వాల్ చూసుకోండి.

ఏది తీసుకున్నా బిల్లు కట్టేముందు సైడ్‌వాల్ మీద తేదీ చూడండి. నాలుగు అంకెలుంటాయి, 2325 అంటే 2025లో 23వ వారం. ఏడాది దాటిన సరుకుకి తగ్గింపు అడగండి, రెండేళ్లు దాటితే వద్దనండి. బిగించాక అలైన్‌మెంట్ చేయించండి. చక్రాలు ఒకవైపు లాగుతూ దొర్లితే ఎంత మంచి టైరైనా పెట్రోలు తింటూ ఓరగా అరిగిపోతుంది. టైరు రిమ్‌లో కూర్చోడానికి షాపులో ముందు ఎక్కువ గాలి కొడతారు, ఒక్కోసారి అలాగే పంపేస్తారు కూడా. మర్నాడు పొద్దున సొంత గేజ్‌తో స్టిక్కర్ అంకెకి తెచ్చుకుని, మైలేజ్ లెక్క కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక, ఫోన్‌లో మ్యాప్ చూపించే దూరంతో మీటరుని ఒకసారి పోల్చి చూసుకుని మొదలుపెట్టండి.